నీలం ఫ్లాస్కు

"అద్దానికి తెల్ల జిగురేగా పెట్టావు?" అని అడిగాడు మా అన్నయ్య.

"అవును" అన్నాను, చెప్పులు వేసుకుంటూ.

అబద్ధం. కానీ ఆ శనివారం పొద్దుటి నుంచీ అన్నయ్య నా నెత్తి మీద కూర్చున్నాడు. అంచు సాఫుగా గీకావా, వేలిముద్రలు పడకుండా పట్టుకున్నావా, ఊపిరి బిగపట్టి పెట్టావా, దాని మీద ఊదుతూ పెట్టావా అని ఒకటే నస. నాకు నలభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా పళ్ళ ల్యాబులో కట్టుడుపళ్ళు చేసి పొట్టపోసుకుంటున్నాను. నోట్లో మిగిలిన పన్నుకీ నేను చేసిన పన్నుకీ రంగు తేడా పట్టుకున్నవాడు ఇంతవరకూ లేడు. అలాంటిదాన్ని ప్లాస్టిక్ విమానానికి ఒక కిటికీ అతికించలేనా? ఒళ్ళు మండి, నోటికొచ్చిన మాట అనేసి, బస్సు కోసం పరిగెత్తాను.

నిజానికి నేను పెట్టింది సూపర్ గ్లూ.

మా ఇద్దరిదీ ఒకే పిచ్చి, కాకపోతే అన్నయ్యది ఒక శాఖ, నాది ఒక శాఖ. తను విమానాలు చేస్తాడు. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు బొమ్మ, డబ్బాలో వందల ముక్కలుగా వస్తుంది. వాటిని కోసి, గీకి, అతికించి, రంగులు వెయ్యాలి. నేను బొటనవేలంత రాక్షసులకి రంగులు వేస్తాను. గొడ్డళ్ళు పట్టిన పొట్టివాళ్ళు, ఎముకల సైనికులు, రెక్కల పాములు. వాటిని బల్ల మీద బారులు తీర్చి, పాచికలు వేసి యుద్ధాలు ఆడేవాళ్ళం మేం ఓ పదిమందిమి ఉన్నాం. ప్రతి ఆదివారం నేను ఓడిపోతాను. అన్నయ్య దృష్టిలో ఇదంతా చిన్నపిల్లల వ్యవహారం.

"దెయ్యానికి ఏ రంగు వేస్తే ఏంటే? అసలు దెయ్యాన్ని చూసినవాడెవడు, తప్పని చెప్పేదెవడు?" అనేవాడు. నన్ను పిలవడమే "దెయ్యాలదానా" అని.

"నువ్వు బూడిదరంగు సీసాలు పదకొండు కొని, ఏది ఏదో తెలీక ఏడువు" అనేదాన్ని నేను.

మా దెయ్యాలవాళ్ళకి అన్నిటికీ సూపర్ గ్లూనే. చెయ్యి ఊడినా, కత్తి విరిగినా ఒక్క చుక్క వేసి పది అంకెలు లెక్కపెడితే చాలు. విమానాలవాళ్ళు మాత్రం ఆ సీసాని అద్దం దరిదాపులకి రానివ్వరు. ఆరేటప్పుడు దాన్నుంచి కంటికి కనపడని ఆవిరి వస్తుంది. అది అద్దం లోపలివైపు పట్టేసి, తెల్లారేసరికి పాలు ఒలికినట్టు తెల్లబడిపోతుంది. ఈ సంగతి అన్నయ్య నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. వందసార్లూ నేను "నాకు తెలుసులే" అనే ఉంటాను.

అసలు ఆ అద్దం నా చేతికి ఎందుకొచ్చిందంటే, అన్నయ్య కంటి వల్ల. తనకి కళ్ళలో ఒత్తిడి జబ్బు. ఎడమకన్ను మూడేళ్ళ క్రితమే పోయింది. కుడికంట్లో అంచుల నుంచి చీకటి కమ్ముకుంటూ వచ్చి, నడిమధ్య కాస్త చోటు మాత్రం మిగిలింది. తాళంచెవి కన్నంలోంచి చూస్తున్నట్టు ఉంటుందని చెప్పేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు కార్ల షెడ్డులో రంగులు కలిపిన మనిషి. సొట్టపడిన తలుపుని ఒకసారి చూసి, డబ్బాలో అదో చుక్కా ఇదో చుక్కా కలిపి వేస్తే, పాత రంగెక్కడ ఆగిందో కొత్త రంగెక్కడ మొదలైందో కారు సొంతదారు కూడా కనుక్కోలేకపోయేవాడు. ఆ కళ్ళకే రావాలా ఈ రోగం?

డాక్టరు ఉన్న విషయం చెప్పేశాడు. ఆపరేషన్ చేస్తే మిగిలిన చూపు నిలవొచ్చు. చెయ్యకపోతే ఆరునెలల్లో అదీ పోతుంది. చేసినా పోయేవాళ్ళు కొందరుంటారు, కానీ తక్కువమంది. ఒకవేళ ఈలోపే చూపు మధ్యలో మంచు కమ్మినట్టు కనిపిస్తే మాత్రం ఇక కత్తి పెట్టి లాభం లేదు. బుధవారానికి రోజు ఖాయం చేశారు.

ఆ బుధవారంలోపు ఒక విమానం పూర్తిచేసి దాన్ని కంటితో చూసుకోవాలి. అన్నయ్య అడిగింది అంతే.

అది నీళ్ళ మీద వాలే రెండింజన్ల విమానం. అన్నయ్యకి పంతొమ్మిదేళ్ళప్పుడు అలాంటిదొకటి ఊరవతల సరస్సులో దిగి, తోక గీసుకుపోయి నిలిచిపోయింది. షెడ్డు మేస్త్రీకి ఆ రోజు జ్వరం. కొత్తగా చేరిన అన్నయ్యని పంపించారు. తోక మీద అరచెయ్యంత అతుకు, మీగడ రంగు. తన బతుకులో ఎవరి సాయమూ లేకుండా కలిపిన మొదటి రంగు అది. పని అయ్యాక రెక్క మీద నిలబడి, అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడట.

"అన్ని మీటలు, అన్ని గడియారాలు! వాటి మధ్య, పైలట్ సీటు పక్కన కింద, మన వంటింట్లో ఉండేలాంటి నీలం ఫ్లాస్కు. తెల్ల మూత" అని చెప్పేవాడు. ఈ కథ మా ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

ఆ విమానం డబ్బా కొని ఇరవై ఏళ్ళయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఒక ముక్క పాడైతే ఇంకో ముక్క ఎక్కడా దొరకదు. చూపు తగ్గుతున్న రెండేళ్ళూ అన్నయ్య భూతద్దం కింద దాని లోపలి భాగమే చేశాడు. రేకు కాగితం కత్తిరించి సీటు బెల్టులు, సూదిమొనతో గడియారాల ముళ్ళు. డబ్బాలో లేని ఫ్లాస్కు కూడా సొంతంగా చేశాడు. మిగిలిపోయిన ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి మీద వేడిచేసి, దారంలా సాగదీసి, బియ్యపుగింజలో సగం తెంపి, నీలం పూసి, మూతకి తెలుపు పెట్టాడు. అప్పటికి చూపు సరిపోవడం మానేసింది. రెక్కలు, పైరంగు, చివర్న అద్దం నా మీద పడ్డాయి. ఎనిమిది వారాలు నా రాక్షసుల్ని అటకెక్కించి, శనాదివారాలు అన్నయ్య ఇంట్లోనే గడిపాను.

ఇక ఆదివారం పొద్దున వదిన ఫోను. వదిన పోస్టాఫీసు కౌంటర్లో చేస్తుంది, ఎలాంటి రభసలోనైనా గొంతు పెంచని మనిషి. ఆ రోజు మాట తడబడుతోంది.

"ఒకసారి రా అమ్మాయ్. మీ అన్నయ్య కన్ను తెరవనంటున్నారు."

వెళ్ళేసరికి అన్నయ్య కుడికంటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా విమానం.

"వచ్చేసిందే" అన్నాడు. "మంచు. పొద్దున్నే లేచి దీపం పెట్టుకుని చూశాను. లోపల ఏమీ లేదు. తెలుపు, అంతా తెలుపు."

నేను గుమ్మంలోంచే చూశాను. అద్దం మొత్తం తెల్లగా బూజుపట్టినట్టుంది. అది అన్నయ్య కంట్లో మంచు కాదు, నా సీసాలోది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నాకు మొదట కలిగింది బాధ కాదు. అమ్మయ్య, నన్ను తిట్టడం లేదు, అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

"మీ వదినని అడిగాను, అద్దం ఎలా ఉందీ అని. శుభ్రంగా ఉంది, పగుళ్ళేం లేవంది."

పాపం, వదినకి ఆ అద్దం తెల్లగా ఉండాలో నల్లగా ఉండాలో ఎప్పుడు పట్టింది గనక? ముప్ఫై ఏళ్ళుగా ఆ విమానాల మీద దుమ్ము దులిపింది, అంతే.

"నువ్వు తెల్ల జిగురు పెట్టావు కాబట్టి సరిపోయింది" అన్నాడు అన్నయ్య, చెయ్యి తియ్యకుండానే. "లేకపోతే ఇది జిగురు పనేమోనని పిచ్చి ఆశ పెట్టుకునేవాణ్ణి."

నోరు తెరిచాను. నిజం బదులు వచ్చిన మాట ఇది: "ఒకసారి కన్ను తెరిచి చూడు అన్నయ్యా. చుట్టుపక్కల చూడు."

"తెరిస్తే ఇంకెంత మిగిలిందో తెలిసిపోతుంది. వద్దే. నన్నిలా ఉండనీ."

మధ్యాహ్నం దాకా ఉన్నాను. వదిన కలిపిచ్చిన టీ తాగాను. ఎన్నిసార్లు గొంతుదాకా వచ్చిందో, ఎన్నిసార్లు మింగానో నాకే తెలుసు. రేపు చెబుతాను, కాస్త కుదుటపడ్డాక చెబుతాను, అనుకుంటూ బస్సెక్కాను. సోమవారం ల్యాబులో ఎవరికో పసుపుపచ్చ పళ్ళ పక్కన మల్లెపువ్వులాంటి పన్ను పెట్టేసి, యజమాని చేత చీవాట్లు తిన్నాను. సాయంత్రం ఫోను చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. ఎనిమిదేళ్ళ పిల్లనా నేను? గిన్నె పగలగొట్టి తలుపు వెనక దాక్కునే వయసా?

మంగళవారం పదకొండింటికి వదిన ల్యాబుకే ఫోను చేసింది.

"రేపటి ఆపరేషన్ వద్దని ఫోను చేసి చెప్పమంటున్నారు. మంచు వచ్చాక ఇంకెందుకు, ఊరికే కోయించుకోవడం అంటున్నారు. రంగు సీసాలన్నీ అట్టపెట్టెల్లో సర్దిస్తున్నారు నా చేత. బూడిదరంగువి పదకొండూ నీకిమ్మన్నారు. నాకేం చెయ్యాలో తోచడం లేదు అమ్మాయ్."

చేతిలో ఉన్న దవడ అచ్చు బల్ల మీద పారేసి, చెప్పకుండానే బయటపడ్డాను.

అన్నయ్య అదే కుర్చీలో ఉన్నాడు. గడ్డం పెరిగింది. కంటికి చేతిరుమాలు కట్టుకున్నాడు. కాళ్ళ దగ్గర నాలుగు అట్టపెట్టెలు.

"అన్నయ్యా, నేను సూపర్ గ్లూ పెట్టాను" అన్నాను. గుమ్మంలో నిలబడే అన్నాను. లోపలికి వస్తే మళ్ళీ మింగేస్తానేమోనని.

"ఏమన్నావ్?"

"అద్దానికి. తెల్ల జిగురు కాదు. నీకు అబద్ధం చెప్పాను."

"ఎక్కడెక్కడ పెట్టావు?"

"చుట్టూ."

"చుట్టూనా? గాలి దూరకుండానా?"

"అవును."

చేతిరుమాలు పీకేశాడు. కన్ను తెరిచి తలని అటూ ఇటూ తిప్పాడు, వెతుకుతున్నట్టు. గోడ చూశాడు, వదిన్ని చూశాడు, చివరికి నా దగ్గర ఆగాడు.

"నీ ముక్కు కనిపిస్తోందే" అన్నాడు. "నీ ముక్కు మీద చెమట కనిపిస్తోంది."

ఆ తర్వాత తిట్లు మొదలుపెట్టాడు. గాడిదా అన్నాడు, మట్టిబుర్రా అన్నాడు, పళ్ళు రాలగొట్టి నా చేతే నాకు కట్టుడుపళ్ళు చేయిస్తానన్నాడు. వదిన గోడకి ఆనుకుని నవ్వుతూనే ఏడుస్తోంది. నా జన్మలో అంత తియ్యటి తిట్లు తినలేదు. ఆయాసం వచ్చి ఆగాడు. ఆగాక మెల్లగా అడిగాడు.

"రెండు రోజులు. నేనిలా కూర్చుని ఉంటే, రెండు రోజులు చూస్తూ ఊరుకున్నావా?"

నేను వంగి, అట్టపెట్టెల్లోంచి రంగు సీసాలు తీసి మళ్ళీ బల్ల మీద పెట్టసాగాను.

బుధవారం ఆపరేషన్ జరిగింది. నేను విమానాన్ని నా గదికి తెచ్చుకున్నాను. పల్చటి బ్లేడుతో అద్దం అంచు వెంట వెంట్రుకవాసి చొప్పున కోసుకుంటూ పోతే, దాన్ని విడదీయడానికే మూడు పొద్దులు పట్టింది. ఏమాత్రం బలం ఎక్కువైనా పగిలిపోతుంది, ఇంకొకటి ఈ లోకంలో లేదు. తర్వాత ల్యాబు నుంచి పళ్ళసెట్లకి మెరుపు తెప్పించే పొడి తెచ్చాను. అగ్గిపుల్లకి మెత్తటి గుడ్డ చుట్టి, ఆ పొడితో అద్దం లోపలివైపు రుద్దడం. పని నుంచి వచ్చి రుద్దడం, పనికి వెళ్ళేముందు రుద్దడం. వేళ్ళు కొంకర్లు పోయాయి. తొమ్మిదో రోజుకి తెలుపు పూర్తిగా వదిలింది.

అప్పుడు లోపలికి చూశాను. బెల్టులున్నాయి, గడియారాలున్నాయి, మీటలున్నాయి. ఫ్లాస్కు లేదు.

అద్దం ఊడిన ఊపుకి అదీ ఊడి ఎక్కడో పడిపోయి ఉంటుంది. బియ్యపుగింజలో సగం. మోకాళ్ళ మీద గదంతా పాకాను. వాక్యూమ్ గొట్టానికి పాత సాక్సు తొడిగి మూలమూలా పీల్చాను. గుండీలు, చెవిపోగు, ఒక రాక్షసుడి కత్తి దొరికాయి. నీలం ముక్క దొరకలేదు.

కొత్తది చేశాను. కొవ్వొత్తి మీద సాగదీసి, తెంపి, నీలం పూసి, తెల్ల మూత పెట్టాను. చక్కగా వచ్చింది, ఎంత చక్కగా అంటే నాకే భయం వేసింది. లోపల పెట్టేస్తే ఎవరికీ తెలియదు. కానీ అది ఇంకో "అవును" అయ్యేది. పెట్టలేదు. కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. ముందు నిజం చెప్పి, నాలుగు తిట్లు తిని, అన్నయ్య చేత్తోనే పెట్టిద్దామనుకున్నాను. అద్దాన్ని మాత్రం అతికించాను, తెల్ల జిగురుతో; అది తడి తగిలిస్తే మళ్ళీ ఊడొస్తుంది.

ఈలోగా కట్టు విప్పారు. వాపు తగ్గేదాకా చూపు మసకగానే ఉంటుందని, రెండు మూడు వారాలు ఓపిక పట్టమని డాక్టరు చెప్పాడట. ఫోన్లో ఎప్పుడడిగినా "వస్తోందే, మెల్లగా వస్తోంది" అనేవాడు అన్నయ్య. వదిన గొంతులో మళ్ళీ పాత నెమ్మది వచ్చింది.

శనివారం పొద్దున విమానాన్ని తీసుకెళ్ళాను. అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని. వదిన తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. విమానాన్ని ఒళ్ళో పెట్టాను. రెక్క చివరి నుంచి వేళ్ళతో తడుముకుంటూ వచ్చి అద్దం దగ్గర ఆపాడు. ముఖానికి దగ్గరగా ఎత్తుకున్నాడు.

"అన్నయ్యా, ముందు నీకొకటి చెప్పాలి" అన్నాను. కాగితం పొట్లం అప్పటికే నా గుప్పిట్లో ఉంది.

"ఉండవే. చూడనీ." వెలుగు వైపు తిప్పుకున్నాడు. చాలాసేపు చూశాడు. "అబ్బ! అద్దం అంటే ఇదీ. బెల్టులు కనిపిస్తున్నాయి. గడియారాల్లో ముళ్ళు కనిపిస్తున్నాయి."

వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిజంగానా అండీ?"

"నిజంగానే. అదిగో, సీటు పక్కన నా ఫ్లాస్కు. నీలంగా మెరుస్తోంది. మూత కూడా కనిపిస్తోంది, తెల్లగా."

నేను అద్దంలోకి చూశాను. సీటు పక్కన ఖాళీ. అన్నయ్య కంట్లోకి చూశాను. అది విమానం వైపే ఉంది. విమానాన్ని చూడటం లేదు.

వదిన ఇంకో ప్రశ్న అడగలేదు. అన్నయ్య భుజం ఒకసారి గట్టిగా నొక్కి, మా పెద్దక్కకి చెప్పాలంటూ ఫోను కోసం పక్కగదిలోకి దాదాపు పరిగెత్తింది. "కనిపిస్తోందట! చిన్న మూత కూడా కనిపిస్తోందట!" అని అక్కడి నుంచి వినిపిస్తోంది. నేను చెప్పబట్టే వెళ్ళాడు ఆపరేషన్‌కి. ఆ మంగళవారం కూడా మింగేసి ఉంటే, ఆ తాళంచెవి కన్నంలోంచి ఇంకో ఆరునెలలు చూసేవాడు. చెప్పాల్సిన నిజం రెండు రోజులు దాచాను, చెప్పాక ఇలా అయింది. ఏది తప్పో, దేనికి ఏడవాలో తెలియలేదు.

అన్నయ్య విమానాన్ని ఒళ్ళోకి దించుకున్నాడు. పక్కగది వైపు చెవి పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమైనా తప్పు చెప్పానా?"

గుప్పిట్లో కాగితం పొట్లం చెమటకి మెత్తబడిపోయింది.

"లేదన్నయ్యా. అన్నీ సరిగ్గానే చెప్పావు."

"ఫ్లాస్కు?"

"ఉంది. నీలంగానే ఉంది."

తల ఊపాడు. వేళ్ళు అద్దం మీద మెల్లగా తిరుగుతున్నాయి.

"మీ వదినకి నేనే చెబుతాను. నాలుగు రోజులు పోనీ, ఆ నాలుగు రోజులైనా సంతోషంగా ఉండనీ. అందాకా ఊరుకుంటావా? నీకు ఊరుకోవడం బాగా వచ్చుగా."

"అవును" అన్నాను.